లెక్క ఎక్కడ తప్పుతోంది?

పరీక్షలకు సిద్ధమవుతున్నవారు ప్రస్తారాలు, సంయోగాలు, సంభావ్యత, సాంఖ్యక శాస్త్రం మీద పంపిన ప్రశ్నలకే ఈసారి శీర్షిక మొత్తం ఇచ్చాం. 11-సి-4 అని ఉన్నచోట 11లోంచి వరుసతో పనిలేకుండా 4 ఎంచే విధాలు అనీ, 12-పి-3 అని ఉన్నచోట 12లోంచి 3 తీసి వరుసగా పెట్టే విధాలు అనీ చదువుకోండి.

ప్రశ్న: లెక్క చూడగానే పి వాడాలో సి వాడాలో తేలడం లేదు. 'అమర్చు' అని ఉంటే పి, 'ఎంచు' అని ఉంటే సి అని గుర్తుపెట్టుకున్నాను. అయినా సగం తప్పుతున్నాయి.
ఇంటర్ విద్యార్థిని, జగిత్యాల

జవాబు: ఆ గుర్తులు పక్కన పెట్టేయండి. "12 మంది సభ్యుల్లోంచి అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారిని ఎన్నుకోవాలి" అన్నచోట 'ఎన్నుకో' అనే ఉంటుంది, జవాబు మాత్రం 12-పి-3, అంటే 1320. "12 మందిలోంచి ముగ్గురితో కమిటీ వేయాలి" అంటే 12-సి-3, అంటే 220.

సూత్రం జోలికి వెళ్లకముందు ఒకే ఒక్క ఫలితాన్ని కాగితం మీద రాయండి: లత, రవి, సలీం. ఇప్పుడు మొదటి రెండు పేర్లు తారుమారు చేయండి: రవి, లత, సలీం. పదవుల లెక్కలో అధ్యక్ష స్థానం చేతులు మారింది కాబట్టి ఇది కొత్త ఫలితం. కమిటీ లెక్కలో అదే కమిటీ. తారుమారు చేస్తే కొత్తది వచ్చిందా, పి. పాతదే ఉందా, సి. ముగ్గురి వరుస మార్చే విధాలు 6 కాబట్టే 1320 సరిగ్గా 220కి ఆరు రెట్లు. అర నిమిషం పని ఇది. ప్రతి లెక్కకూ చేయండి, సులువైనదనిపించినా సరే.

ప్రశ్న: "6 మంది అబ్బాయిలు, 5 మంది అమ్మాయిల్లోంచి కనీసం ఒక అమ్మాయి ఉండేలా నలుగురి కమిటీని ఎన్ని విధాల వేయవచ్చు?" ముందు ఒక అమ్మాయిని 5 విధాల ఎంచాను. మిగిలిన 10 మందిలోంచి ముగ్గురిని 120 విధాల ఎంచాను. 600 వచ్చింది. జవాబు 315 అని ఇచ్చారు. నా పద్ధతిలో తప్పేమిటి?
ఇంటర్ విద్యార్థి, నంద్యాల

జవాబు: ముందు 600ను మొత్తంతో పోల్చండి. షరతేమీ లేకపోయినా 11 మందిలోంచి నలుగురిని ఎంచే విధాలు 11-సి-4, అంటే 330. షరతు పెట్టాక సంఖ్య తగ్గాలి గానీ పెరగకూడదు. ఈ ఒక్క పోలిక చూసుకుని ఉంటే తప్పు అక్కడే దొరికేది.

ఇక కారణం. పద్మ, నూర్ అనే ఇద్దరు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు ఉన్న కమిటీని తీసుకోండి. మీ పద్ధతిలో పద్మ 'ముందు ఎంచిన అమ్మాయి', నూర్ మిగతా ముగ్గురిలో ఒకరు. ఇలా ఒకసారి లెక్కలోకి వచ్చింది. నూర్ ముందు, పద్మ తర్వాత అని ఇంకోసారి వచ్చింది. ఉన్నది ఒక్క కమిటీ, లెక్కలో రెండు. ముగ్గురు అమ్మాయిలుంటే మూడుసార్లు, నలుగురుంటే నాలుగుసార్లు.

విడగొట్టి చూడండి. ఒకే అమ్మాయి ఉన్న కమిటీలు 5 × 20 = 100. ఇద్దరున్నవి 10 × 15 = 150. ముగ్గురున్నవి 10 × 6 = 60. నలుగురూ అమ్మాయిలే అయినవి 5. కూడితే 315. అదే 100ను ఒకసారి, 150ని రెండుసార్లు, 60ని మూడుసార్లు, 5ను నాలుగుసార్లు వేస్తే 100 + 300 + 180 + 20 = 600. మీకు వచ్చిన సంఖ్య ఇదే!

పరీక్షలో దగ్గరి దారి, మొత్తం లోంచి అమ్మాయిలే లేనివి తీసేయడం: 330 − 15 = 315. 'కనీసం ఇద్దరు' అని అడిగితే అమ్మాయిలు లేనివీ ఒక్కరే ఉన్నవీ రెండూ తీసేయాలి: 330 − 15 − 100 = 215. ఇక్కడ 15 మాత్రమే తీసి వదిలేసేవారు చాలామంది.

ప్రశ్న: అంకెల్లో సున్నా ఉంటే లెక్క తప్పుతున్నాను. 0, 2, 3, 5, 8 అంకెలతో, ఏదీ మళ్లీ వాడకుండా, ఎన్ని నాలుగంకెల సరి సంఖ్యలు వస్తాయి?
పోటీ పరీక్షల అభ్యర్థి, ఖమ్మం

జవాబు: చివరి స్థానానికి 0, 2, 8 మూడు దారులు, మిగతా మూడు స్థానాలకు 4 × 3 × 2, మొత్తం 72 అని రాస్తే అందులో 0352 లాంటివి కూడా చేరతాయి. అవి నాలుగంకెల సంఖ్యలు కావు. సున్నాకు ఇక్కడ రెండు ముఖాలు: చివర కూర్చుంటే మేలు, ముందు కూర్చుంటే చెరుపు. అందుకే చివర సున్నా ఉన్నవి వేరు, లేనివి వేరు చేయాలి.

చివర 0 అయితే మిగతా మూడు స్థానాలకు 4 × 3 × 2 = 24. చివర 2 లేదా 8 అయితే, ముందు స్థానానికి సున్నానూ ఆ చివరి అంకెనూ వదిలి 3 అంకెలు, తర్వాత 3, తర్వాత 2. అంటే 18. రెండింటికి 36. మొత్తం 60. సరిచూసుకోవడం: 72లో ముందు సున్నా వచ్చి చివర 2 లేదా 8 ఉన్నవి 2 × 3 × 2 = 12. 72 − 12 = 60.

ఇవే అంకెలతో వచ్చే నాలుగంకెల సంఖ్యలన్నిటి మొత్తం అడిగినా ఇదే ఆలోచన. సున్నా ముందు రావచ్చనుకుంటే ఒక్కో అంకె ఒక్కో స్థానంలో 24 సార్లు వస్తుంది. అంకెల కూడిక 18 కాబట్టి 18 × 24 × 1111 = 4,79,952. సున్నా ముందున్నవి నిజానికి 2, 3, 5, 8తో చేసిన మూడంకెల సంఖ్యలే. వాటి మొత్తం 18 × 6 × 111 = 11,988. తీసేస్తే 4,67,964. రెండో గుణకారంలో 111 బదులు 1111 వేయడం తరచూ జరిగే పొరపాటు.

ప్రశ్న: వరుసలో కూర్చోబెట్టడానికీ గుండ్రటి బల్ల చుట్టూ కూర్చోబెట్టడానికీ తేడా ఒక ఉదాహరణతో చెప్పగలరా? పూలదండ లెక్కలో సగం ఎందుకు?
ఇంటర్ విద్యార్థిని, తెనాలి

జవాబు: 5 మంది పురుషులు, 4 మంది స్త్రీలు, ఏ ఇద్దరు స్త్రీలూ పక్కపక్కన రాకూడదు. వరుసలో అయితే పురుషులను 120 విధాల కూర్చోబెట్టాక ఖాళీలు 6, రెండు చివరలతో కలిపి. కాబట్టి 120 × 6-పి-4 = 120 × 360 = 43,200. గుండ్రటి బల్ల అయితే పురుషులకు 24 విధాలే, ఖాళీలు 5 మాత్రమే, ఎందుకంటే మొదలూ చివరా కలిసిపోయాయి. 24 × 5-పి-4 = 24 × 120 = 2,880. అలవాటుకొద్దీ 6 ఖాళీలే రాస్తే పోయినట్టే.

దండను తిరగేసి పట్టుకోవచ్చు, మనుషులను అలా తిరగేయలేం. సవ్య దిశ, అపసవ్య దిశ ఒకటే అవుతాయి కాబట్టి సగం. 7 వేర్వేరు రంగుల పూలతో దండలు 720లో సగం, 360.

ప్రశ్న: రెండు పాచికలూ అచ్చం ఒకేలా ఉన్నప్పుడు (3, 4), (4, 3) వేర్వేరని ఎలా అంటాం? కంటికి ఒకటే కదా!
పదో తరగతి విద్యార్థి, శ్రీకాకుళం

జవాబు: మంచి సందేహం. 17వ శతాబ్దంలో గెలీలియో ముందుకు కూడా దాదాపు ఇదే వచ్చింది. మూడు పాచికలు వేస్తే 9 వచ్చే సంఖ్యల గుంపులు ఆరు, 10 వచ్చేవీ ఆరే. అయినా ఆడేవాళ్లకు 10 కాస్త ఎక్కువగా పడుతున్నట్టు అనిపించింది. ఎందుకు?

9కి గుంపులు: 1-2-6, 1-3-5, 2-3-4 ఒక్కోటీ ఆరు వరుసల్లో పడతాయి. 1-4-4, 2-2-5 మూడేసి వరుసల్లో. 3-3-3 ఒక్క వరుసలోనే. మొత్తం 25. 10కి గుంపులు: 1-3-6, 1-4-5, 2-3-5 ఆరేసి, 2-2-6, 2-4-4, 3-3-4 మూడేసి. మొత్తం 27. 216లో 25 ఒకటి, 27 ఇంకొకటి. తేడా అక్కడుంది. గుంపులన్నిటికీ సమాన అవకాశం లేదు, వరుసలకే ఉంది.

ఒక పాచికకు ఎర్రరంగు, ఇంకోదానికి నీలిరంగు వేసినట్టు ఊహించుకోండి. రంగు వేసినంత మాత్రాన పాచిక పడే తీరు మారదు. మారేది మన చూపు మాత్రమే. ఎరుపు 3 నీలం 4 ఒకటి, ఎరుపు 4 నీలం 3 ఇంకొకటి. అందుకే రెండు పాచికల లెక్కలో హారం 36, 21 కాదు. మొత్తం 7 వచ్చే సంభావ్యత 6/36.

ప్రశ్న: పరస్పర వివర్జిత ఘటనలు, స్వతంత్ర ఘటనలు ఒకటే అనిపిస్తాయి. పైగా మా ఇంట్లో పేక తెలియదు, పేకముక్కల లెక్కలంటే భయం.
ఇంటర్ విద్యార్థిని, నారాయణఖేడ్

జవాబు: పేక ఆడనక్కర్లేదు, ఈ నాలుగు సంగతులు చాలు. ముక్కలు 52. ఇస్పేటు, కళావరు నలుపు. ఆటీను, డైమను ఎరుపు. ఒక్కో రకంలో 13: ఆసు, 2 నుంచి 10 దాకా, జాకీ, రాణి, రాజు. బొమ్మ ముక్కలంటే జాకీ, రాణి, రాజు మాత్రమే, మొత్తం 12. ఆసును బొమ్మల్లో కలిపి 16 రాయకండి.

ఇక మీ ప్రశ్న. ఒక ముక్క తీస్తే అది ఇస్పేటూ ఆటీనూ రెండూ కాలేదు. ఇవి పరస్పర వివర్జితాలు: ఒకటి జరిగితే రెండోది జరగనే జరగదు. ముక్క ఇస్పేటు కావడం, ఆసు కావడం మాత్రం స్వతంత్రాలు. మామూలుగా ఆసు సంభావ్యత 4/52, అంటే 1/13. ఇస్పేటే వచ్చిందని తెలిశాక కూడా 13లో ఒక ఆసు, మళ్లీ 1/13. తెలిసిన సంగతి అవకాశాన్ని కదిలించలేదు. వివర్జితాల్లో అయితే అవకాశం ఒక్కసారిగా సున్నాకు పడిపోతుంది. కాబట్టి రెండు ఘటనలకూ సున్నా కాని సంభావ్యత ఉంటే అవి ఒకేసారి వివర్జితాలూ స్వతంత్రాలూ కాలేవు. కూడేటప్పుడు వివర్జితాలా అని అడగండి, గుణించేటప్పుడు స్వతంత్రాలా అని అడగండి.

ప్రశ్న: 5 ఎర్ర బంతులు, 4 తెల్ల బంతుల్లోంచి రెండు తీస్తే రంగుకొకటి వచ్చే సంభావ్యత నాకు 5/9 × 4/8 = 5/18 వస్తోంది. ఇచ్చిన జవాబు 5/9.
బ్యాంకు పరీక్షల అభ్యర్థి, కర్నూలు

జవాబు: మీరు లెక్కించింది 'ముందు ఎరుపు, తర్వాత తెలుపు' ఒక్కటే. 'ముందు తెలుపు, తర్వాత ఎరుపు' మిగిలిపోయింది. అదీ 5/18 కాబట్టి మొత్తం 5/9. వరుస లేకుండా చేస్తే పైన 5 × 4 = 20, కింద 9-సి-2 = 36, జవాబు 5/9. రెండు దారులూ సరైనవే, కలిపేస్తేనే చిక్కు. కింద వరుసతో లెక్కపెడితే పైనా వరుసతోనే లెక్కపెట్టాలి. "తీసినది తిరిగి పెట్టి" అని ఉంటే రెండో హారం 8 కాదు 9. ప్రశ్నలో ఆ మాట కింద గీత గీసుకోండి.

ప్రశ్న: బేయీ సిద్ధాంతం సూత్రం కంఠతా వచ్చు. లెక్క ఇస్తే ఏది ఎక్కడ వేయాలో తెలియదు.
ఇంటర్ విద్యార్థి, అనకాపల్లి

జవాబు: సూత్రానికి ముందు ఒక గుంపును ఊహించుకుని మనుషులను లెక్కపెట్టండి. వందలో ఒకరికి ఒక జబ్బు ఉందనుకుందాం. జబ్బున్నవారిలో 95 శాతం మందికి పరీక్ష పాజిటివ్ చూపుతుంది, లేనివారిలో 4 శాతం మందికి పొరపాటున చూపుతుంది. పాజిటివ్ వచ్చిన మనిషికి నిజంగా జబ్బుండే సంభావ్యత ఎంత?

10,000 మందిని తీసుకోండి. జబ్బున్నవారు 100, వారిలో పాజిటివ్ 95. లేనివారు 9,900, వారిలో పాజిటివ్ 396. పాజిటివ్ మొత్తం 491. అందులో నిజం 95. జవాబు 95/491, సుమారు 0.19. చాలామంది 0.95 అనుకుంటారు. జబ్బు లేనివారు అంత పెద్ద గుంపు కాబట్టి వారిలో 4 శాతమే 95ను మించిపోయింది.

సూత్రంలో ఉన్నది కూడా ఇదే, 10,000తో భాగించి రాసిన రూపం: పైన 0.01 × 0.95, కింద 0.01 × 0.95 + 0.99 × 0.04. జవాబు పత్రంలో మాత్రం ఘటనలకు పేర్లు, వాటి సంభావ్యతలు, నియత సంభావ్యతలు, సిద్ధాంతం, ప్రతిక్షేపణ ఈ వరుసలోనే రాయండి. ఘటనలను నిర్వచించకుండా నేరుగా అంకెలు వేస్తే చివరి జవాబు సరైనా మెట్ల మార్కులు పోవచ్చు.

ప్రశ్న: వర్గీకృత దత్తాంశానికి ప్రామాణిక విచలనం ఎప్పుడూ పెద్ద సంఖ్యగా వస్తోంది. సూత్రం సరిగ్గానే వేస్తున్నాను.
ఇంటర్ విద్యార్థిని, మహబూబ్‌నగర్

జవాబు: ఒక చిన్న పట్టిక మీద చూద్దాం. తరగతులు 0–10, 10–20, 20–30, 30–40, 40–50. పౌనఃపున్యాలు (ఎఫ్) వరుసగా 4, 6, 10, 12, 8, మొత్తం 40. మధ్య విలువలు 5, 15, 25, 35, 45. ఊహించిన సగటు 25, తరగతి పొడవు 10. 25ను తీసేసి 10తో భాగిస్తే వచ్చే యు విలువలు −2, −1, 0, 1, 2.

ఎఫ్‌యు నిలువు వరుస: −8, −6, 0, 12, 16, మొత్తం 14. సగటు 25 + 10 × 14/40 = 28.5. ఇక యు వర్గాన్ని ఎఫ్‌తో గుణించిన వరుస: 16, 6, 0, 12, 32, మొత్తం 66. విస్తృతి = 100 × (66/40 − (14/40)²) = 100 × (1.65 − 0.1225) = 152.75. దాని వర్గమూలమే ప్రామాణిక విచలనం, సుమారు 12.36.

మీ తప్పు బహుశా ఈ చివరి వరుసలో ఉంది. యును వర్గం చేసి ఎఫ్‌తో గుణించే బదులు, ఎఫ్‌యునే వర్గం చేస్తే 64, 36, 0, 144, 256 వచ్చి మొత్తం 500 అవుతుంది. అప్పుడు విస్తృతి 1237.75, విచలనం 35 పైన. ఎఫ్‌యును మళ్లీ యుతో గుణిస్తే ఈ పొరపాటుకు చోటుండదు: −8ని −2తో గుణిస్తే 16, అంతే.

పట్టిక 0 నుంచి 50 దాకా ఉంది. ప్రామాణిక విచలనం వ్యాప్తిలో సగం, అంటే 25, దాటనే దాటదు. 35 వచ్చిందంటే వెనక్కి వెళ్లి చూడాల్సిందే. ఇంకో పొరపాటు బయట 100 బదులు 10తో గుణించడం. అప్పుడు విచలనం 3.9 వస్తుంది, విలువలు 0 నుంచి 50 దాకా పరుచుకున్న పట్టికకు అది మరీ తక్కువ.

ఇదే పట్టికకు మధ్యగతం అడిగితే ఒక తమాషా ఉంది. సంచిత పౌనఃపున్యాలు 4, 10, 20, 32, 40. సగం సరిగ్గా 20 దగ్గరే పడింది. మధ్యగత తరగతి 20–30 తీసుకున్నా 30–40 తీసుకున్నా జవాబు 30 వస్తుంది, చేసి చూడండి. తరగతులు 1–10, 11–20 అని ఇస్తే మాత్రం ముందు 0.5–10.5, 10.5–20.5 అని సరిచేయాలి.

ప్రశ్న: విస్తృతి కట్టేటప్పుడు ఇంటర్‌లో విలువల సంఖ్య ఎన్‌తో భాగించాం, డిగ్రీలో ఒక్కోచోట ఎన్ − 1తో భాగించమంటున్నారు. ఏది సరి?
బీఎస్సీ విద్యార్థి, విజయనగరం

జవాబు: చేతిలో ఉన్నదే మొత్తం దత్తాంశం అయితే ఎన్. అది పెద్ద సమష్టిలోంచి తీసిన ప్రతిరూపమై, సమష్టి విస్తృతిని అంచనా కట్టాలంటే ఎన్ − 1. ప్రతిరూపంలోని విలువలు అసలు సగటుకన్నా తమ సొంత సగటుకే దగ్గరగా ఉంటాయి కాబట్టి ఎన్‌తో భాగిస్తే అంచనా సగటున తక్కువ పలుకుతుంది. 2, 4, 9కి సగటు 5, విచలన వర్గాలు 9, 1, 16, మొత్తం 26. 3తో భాగిస్తే 8.67, 2తో భాగిస్తే 13. కాలిక్యులేటర్‌లో రెండింటికీ వేర్వేరు మీటలుంటాయి. ఈ మూడంకెలు వేసి ఏది ఏదో పరీక్షకు ముందే తేల్చుకోండి. నిష్పాక్షిక అంచనా విస్తృతి ఎంతకన్నా తగ్గదో 1945లో చూపిన సి.ఆర్. రావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివినవారే. మీ సిలబస్‌లో క్రామర్–రావు అసమానత వచ్చినప్పుడు గుర్తు చేసుకోండి.

ప్రశ్న: ద్విపద విభాజనంలో అంకమధ్యమం 4, విస్తృతి 3 అయితే ఎన్, పి కనుక్కోవడం ఎలా?
ఇంటర్ విద్యార్థి, ఏలూరు

జవాబు: ఇక్కడ ఎన్ అంటే ప్రయత్నాల సంఖ్య, పి అంటే ఒక్కో ప్రయత్నంలో గెలుపు సంభావ్యత (ప్రస్తారాల పి కాదు), క్యు అంటే 1 − పి. అంకమధ్యమం ఎన్‌పి = 4, విస్తృతి ఎన్‌పిక్యు = 3. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే క్యు = 3/4, పి = 1/4, ఎన్ = 16. భాగించేటప్పుడు తలకిందులు చేస్తే క్యు 4/3 వస్తుంది. 1 దాటిందంటే తప్పు.

ప్రశ్న: మా అబ్బాయి ఇంట్లో లెక్కలన్నీ చేసేస్తాడు. పరీక్షలో మాత్రం ఎలా మొదలుపెట్టాలో తెలియలేదంటాడు.
ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, ఇంట్లో చేసేటప్పుడు లెక్క ఏ అధ్యాయంలోదో పేజీ పైనే రాసి ఉంటుంది. సంయోగాల అభ్యాసం చేస్తున్నప్పుడు సి వాడాలని ముందే తెలిసిపోతుంది. పరీక్షలో తేల్చుకోవాల్సింది సరిగ్గా అదే, ఆ పనిని అతను ఇంట్లో ఎప్పుడూ చేయలేదు.

మూడు అధ్యాయాల్లోంచి పదేసి లెక్కలు ముప్పై చీటీల మీద రాయించండి. అధ్యాయం పేరు, జవాబు రాయకూడదు. కలిపేసి రోజుకు ఐదు తీయమనండి. మొదటి వారం పూర్తిగా చేయనక్కర్లేదు. ఒక్క ఫలితం ఎలా ఉంటుందో, వరుస ముఖ్యమో కాదో, తీసినది తిరిగి పెడుతున్నారో లేదో రెండు వాక్యాల్లో రాస్తే చాలు. రెండో వారం నుంచి పూర్తిగా, గడియారం ముందు పెట్టుకుని. 75 మార్కులకు మూడు గంటలు ఇచ్చే పేపర్‌లో మార్కుకు 2.4 నిమిషాలు, ఏడు మార్కుల లెక్కకు 17 నిమిషాలకు లోపే.

సాధించిన లెక్క చదివాక పుస్తకం మూసి వెంటనే చేస్తే అది జ్ఞాపకం మాత్రమే. మర్నాడు పొద్దున చేయగలిగితే వచ్చినట్టు. తప్పిన ప్రతి లెక్క పక్కన తప్పు పేరు రాయించండి: రెండుసార్లు లెక్కపెట్టాను, సున్నా మరిచాను, ఒకే వరుస రాశాను, కూడికలో పోయింది. 'తొందరలో తప్పింది' అని మాత్రం రాయనివ్వకండి, దాన్నిబట్టి సరిచేసుకునేదేమీ ఉండదు. రెండు వారాలకు ఏ పేరు ఎక్కువసార్లు వచ్చిందో చూసి, ఆ రకం లెక్కలున్న చీటీలు మరో పది కలపండి.

జవాబు మీద నమ్మకం కుదరకపోతే అంకెలు తగ్గించి చేతితో లెక్కపెట్టమనండి. 12 మంది బదులు నలుగురు, ముగ్గురి కమిటీ బదులు ఇద్దరిది. కమిటీలు ఆరే, వేళ్ల మీద వస్తాయి. సూత్రం అక్కడ 12 ఇస్తే, 12 మంది దగ్గర కూడా అది తప్పే ఇస్తోంది.